ఖాసిం సాబు ఎడమపక్క

దసరా మరునాడు, ఏకాదశి, పొద్దున తొమ్మిది గంటలు. 1978. ఆదోనిలో ఒక ఆసుపత్రి, ఆపరేషన్ గది. బల్ల మీద పడుకున్నది ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలోనే పనిచేస్తున్న అటెండరు ఖాసిం సాబు. ఎడమ గజ్జలో పేగు జారింది, హెర్నియా. పెద్ద డాక్టరు భీమసేనరావు వెన్నులో సూది వేసి కింది సగానికి మత్తు ఇచ్చాడు, పై సగం మాత్రం ఎప్పటిలాగే మాట్లాడుతోంది. అంతలో దేవరగట్టు ఉత్సవంలో కర్రదెబ్బలకు తలలు పగిలినవాళ్ళు లారీలో దిగారని కబురొస్తే ఆయన బయటికి వెళ్ళాడు. మిగిలింది హౌస్ సర్జన్ ఇందిరాబాయి, నర్సు ఏసమ్మ.

“మళ్ళీ చెప్పు సిస్టర్. సార్ ఏమన్నారు?”

“పద్నాలుగు తలకాయలు ఉండాయంట డాక్టరమ్మా. ఇంగొక లారీ దారిలో ఉందంట. ‘ఇందిరను మొదలుపెట్టమను, నేను పక్కనే ఉంటా’ అన్నారు.”

“మొదలుపెట్టమన్నారా? నన్నా?”

“ఈ గదిలో ఇంగొక ఇందిర ఎవరుండారు?”

“ఆర్నెల్లు గాయం తెరిచిపట్టే కొక్కెం పట్టుకో అన్నారు, పట్టుకున్నా. అట్ల లాగు, ఇట్ల లాగు, రక్తం వచ్చే చోట పట్టు, తల అడ్డం తియ్యి. అంతే. ఒక్క కుట్టు వెయ్యనిచ్చినారా? ఈపొద్దు ఏకంగా…”

“అమ్మా, మత్తు గంటన్నర పనిసేస్తాది. పది నిమిషాలు మాటలకే పాయె.”

“నువ్వు మాట్లాడొద్దు ఖాసిం సాబ్. పేషెంటువి.”

“సరే.”

“అసలు ఈ ఆపరేషన్ల లిస్టు రాసింది ఎవరు? దేవరగట్టు కొట్లాట ఏడాదికి ఒక్క దినం. మరుసటి దినం ఈడ తలకాయలు కుట్టేకే సరిపోతాదని ఊర్లో మేకలకు గూడ తెలుసు. ఆ దినమే నీ ఆపరేషన్ ఎవరు పెట్టినారు?”

“…”

“నిన్నే అడిగేది.”

“మాట్లాడొద్దంటివి గదమ్మా.”

“చెప్పు.”

“లిస్టు నేనే రాస్తా. ఇరవై ఆరేండ్ల నుంచి నేనే రాస్తాండా. ఈ దినం ఖాళీగా కనపడింది, పెట్టుకున్నా.”

“ఖాళీగా ఏంటికి ఉందో ఆలోచన చెయ్యలేదా?”

“సూదికి ముందు సేసింటి. ఇప్పుడు మత్తులో ఉండా.”

“మత్తు నడుము కింద గదా!”

“పైకి గూడ కొంచెం వచ్చినట్టుంది.”

“సిస్టర్, నేను సార్ వచ్చేదాకా ఆగుతా. నాకు భయంగా ఉంది. ఉన్నమాట చెప్తాండా, భయంగా ఉంది.”

“ఆగండి. తలకాయకు అర్ధగంట లెక్కన ఏడు గంటలు. అంతసేపు సాబుకు మత్తు ఉండదు.”

“ఇందిరమ్మా, సోమవారం డ్యూటీకి యాడ సేరాల నువ్వు?”

“నీకు తెలీదా? ఎమ్మిగనూరు.”

“ఆడ కోసే డాక్టరు ఎవరు?”

“ఎవరూ లేరు.”

“మత్తుసూది ఎవరు ఏస్తారు?”

“నేనే.”

“కత్తి ఎవరు పడ్తారు?”

“…సిస్టర్, ముందు దుప్పటి ఇట్ల జరుపు. ఇంకొంచెం. ఇదేమిది? కుడిపక్క ఈ మచ్చ?”

“పాతది. ఆ పక్క సూడొద్దు, ఈ పక్క సూడు.”

“కుడిపక్కది గూడ అయిందా నీకు? ఎవరు చేసినారు ఇంత వంకరగా? పాము పాకినట్టుంది.”

“ఎవరో పిల్లోడు. అది వానికి మొదటిది. కుట్లేసినాక బయటికి పోయి బెంచీ మీద కూర్చొని ఏడ్సినాడు.”

“ఏడ్చినాడా? తర్వాత మళ్ళీ చూసినావా ఆ మనిషిని?”

“అప్పుడప్పుడు.”

“ఇట్ల కుట్టినందుకు ఏమీ అనలేదా?”

“ఏంటికి అనాల? వంకరైతే వంకర. ఇరవై ఏండ్లాయె, మళ్ళీ జారలే. కప్పు సిస్టరమ్మా, సలి పెడ్తాంది.”

“కప్పినా. డాక్టరమ్మా, గొరిగింది సరిపోయిందా? ఇంగెవరినీ ముట్టనియ్యలేదు ఈయన. నిన్న సాయంత్రం అద్దం పెట్టుకొని తనే చేసుకున్యాడు.”

“వార్డుబాయి బజారి సేస్తా అన్యాడు. వానికి సేతకాదు. టించరు గూడ నేనే పూసుకుంటాంటి, సిస్టరమ్మ తిట్టింది.”

“ఖాసిం సాబ్, మీ ఇంటామె బడేబీ ఏమనింది? ఆడపిల్ల చేతుల్లో…”

“అనింది. ‘సిగ్గులేదా, బిడ్డ వయసు పిల్లతోనా’ అనింది. నేనంటి, దుప్పటి కప్పినాక మనిషి లేడే, బెత్తెడు కంత ఒకటే ఉంటాది అని. నీకూ అదే సెప్తాండా. నా మొకం సూడొద్దు. ఆ కంత సూడు.”

“కంత మాట్లాడకుంటే నాకు సులువుగా ఉండు.”

“మాట్లాడను.”

“సిస్టర్. కత్తి.”

“ఇదిగో.”

“అమ్మా, సెయ్యి వణుకుతాంది.”

“ఏకాదశి. నీళ్ళు గూడ తాగలేదు. దానికి.”

“నేనూ రాత్రి నుంచి తాగలే. నాది వణకలేదే.”

“నీ చేతిలో కత్తి లేదు. అయినా నా చెయ్యి నీకెట్ల కనపడతాంది? అడ్డం గుడ్డ కట్టినాము గదా.”

“పైన లైటు గిన్నెలో తలకిందులుగా కనపడతాది. నిన్ననే వంచి పెట్టుకున్నా.”

“సిస్టర్, ఆ లైటు తిప్పు!”

“తిప్పితే మీకు చీకటి డాక్టరమ్మా.”

“గుమ్మడికాయ అనుకో తల్లీ. మేక తోలు తెచ్చి, కోసి కుట్టి నేర్చుకో అంటే, మేము ముట్టమంటివి. గుమ్మడికాయలు తెస్తి. పదకొండు కోసి కుట్టినావు. మా ఇంట్లో నెలంతా అదే పులుసు, దారాలు ఏరుకుంటా తిన్యాము. ఇది పన్నెండోది.”

“గుమ్మడికాయ నన్ను చూడదు.”

“కండ్లు మూసుకున్నా. ఒకే గీత. భయపడి మూడుసార్లు గీకినావంటే మూడు మచ్చలు.”

“…వేసినా.”

“బాగుంది.”

“మూసుకున్నా అంటివి!”

“ఇప్పుడు తెరిసినా.”

“సిస్టర్.”

“చెప్పండి.”

“సిస్టర్, చెయ్యి చాపినా గదా.”

“చూసినా. ఏం కావాల?”

“అదే… రక్తం వచ్చే చోట పట్టుకునేది.”

“పేరు?”

“చిన్నది. కొన వంకరగా ఉంటాది.”

“ఈ ట్రేలో వంకరవి తొమ్మిది ఉండాయి.”

“ఆర్నెల్లుగా చెయ్యి చాపితే అదే వచ్చి చేతిలో పడ్తాండె!”

“ఎవరు పెడ్తాండ్రి?”

“ఖాసిం సాబే.”

“ఆయన ఈపొద్దు బల్ల మీద ఉండాడు డాక్టరమ్మా. నేను అడిగిందే ఇస్తా. నాకు నేర్పించింది అంతే.”

“ఖాసిం సాబ్, దాని పేరేమి?”

“పేషెంటు మాట్లాడొద్దంటివి.”

“ఖాసిం సాబ్!”

“తప్పు నాదేనమ్మా. సారు కత్తెర అంటాడు, నేను ఇంగొకటి పెడ్తా. ఆయనకు కావాల్సింది అదే. మారు మాట్లాడకుండా పని సేసుకుంటాడు. నీకూ అట్లే అలవాటు సేసినా. సెయ్యి సాపుతావు, నేను పెడ్తా, పనైపోతాది. నేను లేకుండా సాపితే ఏమైతాదని ఆలోచన సెయ్యలే. ఎమ్మిగనూరులో నేనుండను. పేరు పెట్టి అడుగు.”

“పరీక్షలో రాసినా. అన్నీ రాసినా. ఇప్పుడు ఒక్కటి గూడ నోటికి రావడంలేదు.”

“పరీక్షలో రక్తం కారదు గదా. నిదానంగా అడుగు. అంతలో ఏమీ సావను.”

“…మస్కీటో.”

“ఇదిగో.”

“ఇంకొకటి.”

“ఇదిగో.”

“దారం. కత్తెర. సిస్టర్, ఆ కొక్కెం నువ్వే పట్టుకో. అట్ల కాదు, ఇట్ల లాగు. తల అడ్డం తియ్యి.”

“తీసినా డాక్టరమ్మా. సారు మాదిరే అంటాండారు.”

“నేనా? …ఇదిగో, తెల్లగా మెరిసే పొర వచ్చింది. దీన్ని పోగుల వెంబడి కొయ్యాల.”

“కొయ్యమ్మా. కింద నరం ఉంటాది, దాన్ని పక్కకు పెట్టు.”

“నాకు తెలుసు.”

“తెలుసని నాకు తెలుసు. నరం నాది, దానికి సెప్పినా.”

“తెరిచినా. ఇప్పుడు దీన్ని మొత్తం పైకి ఎత్తి… వేలు కింద నుంచి… సిస్టర్, ఇదేమి? ఇది… నిండిపోతాంది. యాడనుంచి వస్తాంది? తుడువు! మళ్ళీ వస్తాంది. నాకు ఏమీ కనపడడంలేదు. సార్ను పిలువు!”

“సారు తలుపు అద్దంలోనుంచి చూస్తాండారు.”

“వస్తాండారా?”

“చూసినారు. పక్కకు పొయినారు.”

“పొయినారా! ఖాసిం సాబ్‌కు ఇట్ల కారిపోతాంటే…”

“అమ్మా. గుడ్డ పెట్టు. ఒత్తు. ఇంగా గట్టిగా. గుడ్డెత్తి సూసినావంటే మళ్ళీ వస్తాది. నేను ఒక మాట సెప్తా, అయ్యేదాకా సెయ్యి తియ్యొద్దు.”

“ఇప్పుడు మాటలా?”

“మా అన్న మహమ్మద్ అలీ. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాండె. వానికీ ఇదే జబ్బు. లుంగీ బిగించి కట్టుకొని, జారినప్పుడంతా లోపలికి తోసుకుంటా, పదేండ్లు నేసినాడు. ఒక దినం తోస్తే పోలే. బిగుసుకుంది, రాయి మాదిరి. ఒత్తు, ఒదలొద్దు.”

“ఒత్తినా.”

“ఆడుండే డాక్టరు మంచోడు. పుస్తకం తెరిసి, బొమ్మ మా వదినెకు సూపించినాడంట. ‘ఈడ కొయ్యాల, ఈ పేగును లోపలికి పంపాల’ అని. ‘కొయ్యి సామీ’ అనింది మా వదినె. ‘నేనెప్పుడూ కొయ్యలేదమ్మా, కోసేవాళ్ళు ఎనక నిలబడి సూసినా అంతే, ఆదోనికి పిలుసుకపోండి’ అన్యాడు. బస్సు ఎక్కించినారు. ఆయప్ప తప్పు లేదు. ఆయప్పకు ఎవరూ కత్తి ఇచ్చిండలే.”

“తర్వాత?”

“నేను ఈడ అన్నీ ఉడకబెట్టి, లైటేసి, బస్సు కాడికి పోయి నిలబడినా. బస్సు వచ్చింది. మా అన్న కూర్చొనే వచ్చినాడు. కిటికీ పక్క సీటు. దిగలే.”

“ఖాసిం సాబ్…”

“ఇప్పుడు సెయ్యి తియ్యి. మెల్లగా.”

“…ఆగిపోయింది. చిన్న రక్తనాళం ఒకటి కనపడతాంది, అంతే. సిస్టర్, మస్కీటో. దారం.”

“ఇదిగో. డాక్టరమ్మా, కండ్లు తుడుస్తా, ఆగండి. మీ చేతులు పైకి తేవద్దు.”

“చెమట సిస్టర్.”

“సరే, చెమట.”

“అది ఎప్పుడు ఖాసిం సాబ్?”

“ఇరవై ఏండ్ల కిందట. అయిన నెలకే నేను కుడిపక్కది సేయించుకున్నా. నాకూ ఉండె. అప్పటి పెద్ద డాక్టరు సేస్తానంటే, ఒద్దు, పిల్లోనితో సేయించండి అంటి.”

“మరి ఈ ఎడమపక్కది ఎప్పటినుంచి ఉంది?”

“మూడేండ్లు.”

“మూడేండ్లా! సార్‌కు చెప్తే అప్పుడే చేసిందురు గదా?”

“ఆయనకు ఇట్లాంటివి ఎనిమిదొందలు అయ్యింటాయమ్మా. ఇంగొకటి సేస్తే ఆయన కొత్తగా నేర్సుకునేది ఏముంది? …అమ్మా, ఆ పక్కన దారం మాదిరి గట్టిగా తగిలేది ఉంది సూడు. దాన్ని మాత్రం కొయ్యొద్దు.”

“తెలుసు.”

“దాన్ని కోస్తే అది పిల్లలు పుట్టకుండా సేసే సర్కారు ఆపరేషన్ అయితాది. మొన్న ఎమర్జెన్సీలో అయితే రేడియో ఇస్తాండ్రి. ఇప్పుడు అదీ లేదు.”

“నీకు ఆరుమంది పిల్లలు. కోసినా నష్టం లేదులే.”

“నవ్వినావు. ఇప్పుడు సెయ్యి వణకలే, సూసుకో.”

“పేగు జారే తిత్తి యాడుందో కనపడడంలేదు. నువ్వు ఒకసారి…”

“ఖ్హుఁ! ఖ్హుఁ!”

“నేను అడగకముందే దగ్గితే ఎట్ల!”

“ఇప్పుడు దగ్గాల గదా. కనపడిందా?”

“కనపడింది. ఉబ్బింది. అయినా నేను అడగాల! పేరు పెట్టి అడగమని నువ్వే చెప్పినావు.”

“తప్పే. అడుగు.”

“దగ్గు.”

“ఖ్హుఁ.”

“ఇదే. ఉల్లిపొర మాదిరి ఉంది. తెరుస్తాండా… పేగు లేదు, లోపలికి పోయింది. మొదట్లో మెలి పెట్టి కట్టేస్తా. సిస్టర్, సూది, దారం.”

“ముడి గట్టిగా పడనీ తల్లీ. స్టోరుగది గొళ్ళానికి ఏసి నేర్సుకుంటివి గదా, అట్ల.”

“ఆ ముడులు ఊడిరాక గొళ్ళాన్నే పీకించినాము సాబూ.”

“అందుకే సెప్పేది. అట్లాంటిదే ఏయమను.”

“వేసినా. కోసేసినా. ఖాసిం సాబ్, తిత్తి పోయింది. ఇంక వెనక కండ గోడ గట్టిగా కుడితే అయిపోయినట్టే.”

“అమ్మా, బొటనవేలు వచ్చింది.”

“ఏమిటి?”

“కాలి బొటనవేలు. ఇంతసేపు లేదు, ఇప్పుడు వచ్చింది.”

“నొప్పిగా ఉందా?”

“లేదు. వచ్చింది అని సెప్తాండా, అంతే. నిదానంగానే కుట్టు.”

“సిస్టర్, టైమెంత?”

“గంటా పది అయింది.”

“ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. నైలాన్. …ఒకటి. …రెండు. …ఖాసిం సాబ్, మాట్లాడు.”

“మాట్లాడొద్దంటివి.”

“ఇప్పుడు మాట్లాడు. నువ్వు గమ్మునుంటే నాకు దిగులుగా ఉంది.”

“ఏం మాట్లాడాల? ఎమ్మిగనూరులో దీపాలు పోతాంటాయి, పెట్రోమాక్స్ ఒకటి పెట్టుకో. మగ్గాలోళ్ళు శానామంది ఉండారు, అందరూ లుంగీలు బిగించుకొనేవాళ్ళే. ‘ఏమైనా జారిందా’ అని మొగోళ్ళను నువ్వు అడిగితే సెప్పరు. వాళ్ళ ఆడోళ్ళను అడుగు.”

“అడుగుతా.”

“ఆడ అటెండరు ఎవరుంటారో తెలీదు. వాడు నువ్వు అడగకముందే సేతిలో పెడ్తే, తిట్టు.”

“నిన్ను తిట్టనే లేదు నేను.”

“అదే తప్పు. …మోకాలు గూడ వస్తాంది.”

“చర్మం ఒకటే మిగిలింది. ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకో.”

“నేను ఓర్సుకుంటానే ఉండా. తొందర నీకే.”

“…ఆరు. …ఏడు. సిస్టర్, కత్తెర. …ఎనిమిది. అయిపోయింది. సిస్టర్, అయిపోయింది!”

“అయిపోయింది డాక్టరమ్మా.”

“నేనే చేసినా. మొదటినుంచి చివరిదాకా నేనే! పాపం సార్, ఇంకా ఎన్ని తలకాయలు ఉండాయో. రాలేకపోయినారు. ఏమి సిస్టర్, అట్ల చూస్తాండావు?”

“తలకాయలు ఐదే డాక్టరమ్మా. అందులో మూడింటికి కుట్లు గూడ పడలేదు.”

“పద్నాలుగు అంటివి!”

“పద్నాలుగు అని చెప్పమన్నారు సారు.”

“రెండో లారీ?”

“అది నేను కలిపినా.”

“మరి సార్ ఇంతసేపు యాడుండారు?”

“చేతులు కడుక్కొని, గౌను వేసుకొని, ఆ తలుపు అవతల బెంచీ మీద. గంట నుంచి. మీకు రక్తం వచ్చినప్పుడు ఒకసారి లేచినారు. మీరు గుడ్డ ఒత్తింది చూసి మళ్ళీ కూర్చున్నారు.”

“ఖాసిం సాబ్! ఇది నీకు తెలుసా?”

“నేను మత్తులో ఉండా.”

“మోకాలిదాకా వచ్చిందంటివి!”

“మోకాలికి తెలిసింటాది. నాకు తెలీదు.”

“ఇద్దరూ కూడబలుక్కొని లిస్టు రాసినారు.”

“రాసింది నేనే. దినం ఏదని సారు అడిగినాడు, సెప్పినా. ‘ఆ పిల్లకు ముందే సెప్తే రాత్రి నిద్రపోదు’ అన్యాడు. అంతే. ఇంగేం మాట్లాడుకోలే. సిస్టరమ్మా, పట్టీ ఏసేముందు ఆ దుప్పటి మొత్తం తియ్యి. గిన్నెలో సూసుకుంటా.”

“చూసుకో సాబూ. నీ కోసమే గదా లైటు వంచింది.”

“ఎట్లుంది ఖాసిం సాబ్? నిజం చెప్పు.”

“ఎనిమిది కుట్లు. మా అన్న మగ్గం మీద పడుగు పరిసినట్టుంది. ఒక్క పోగు పక్కకు పోలే.”

“నిజంగానా?”

“నీతో ఏ పొద్దన్నా మొకం మీద పొగిడినానా? బాగుంది కాబట్టి బాగుంది అన్యా.”

“అయితే ఉండు. సార్ను ఇప్పుడే లోపలికి పిలుస్తా. ఆర్నెల్లుగా ఒక్క మాట బాగుంది అనలేదు ఆయన. ఇది చూసి ఎట్ల అనకుండా పోతారో నేనూ చూస్తా. సిస్టర్, తలుపు తియ్యి.”

“అమ్మా, అమ్మా. పిలువు, ఒద్దనను. ముందు కుడిపక్క దుప్పటి కప్పు.”

“ఏంటికి?”

“అది సారుకు మొదటిది. రెండూ పక్కపక్కనే సూస్తే నొచ్చుకుంటాడు.”